53 శాతం వెనుక

షికాగోలోని రష్ విశ్వవిద్యాలయంలో ఆహారానికీ వృద్ధాప్యపు మతిమరుపుకూ గల సంబంధాన్ని ఏళ్ల తరబడి పరిశోధించిన మార్తా క్లేర్ మోరిస్ 2017లో ‘డైట్ ఫర్ ది మైండ్’ అనే పుస్తకం వెలువరించారు. ఆకుకూరలు, చిక్కుడు జాతి గింజలు, బాదం, అక్రోటు, బెర్రీలు, చేపలు, ఆలివ్ నూనె హెచ్చుగా వాడాలనీ, వెన్న, ఎర్ర మాంసం, వేపుళ్లు, మిఠాయిలు తగ్గించాలనీ అందలి సారాంశం. శైలి సరళం; కుమార్తె సమకూర్చిన వంటకాలు అదనపు రుచి.

పుస్తకానికి ప్రాణం 2015 నాటి ఒక అధ్యయనం. 923 మంది పెద్దలను సగటున నాలుగున్నరేళ్లు గమనించగా, ఈ పద్ధతిని బాగా పాటించినవారిలో ఆల్జీమర్స్ ముప్పు 53 శాతం తక్కువగా కనిపించింది. ‘కనిపించింది’ అన్న మాటే కీలకం. ఆకుకూరలు శ్రద్ధగా తినేవారు తరచు నడకా మానరు, వైద్యుని దగ్గరకూ వేళకు వెళతారు. లెక్కలను ఎంత సవరించినా ఏది దేని ఫలమో పూర్తిగా విడదీయడం కష్టం.

ఈ సంగతి మోరిస్ ఎరుగనిది కాదు. చీటీలు తీసినట్లు మనుషులను రెండు వర్గాలుగా విడదీసి చేసే పరీక్షకు ఆమే పూనుకున్నారు. ఫలితం చూడకుండానే 2020లో కన్నుమూశారు. 2023లో వెలువడిన ఆ ఫలితం ప్రకారం, 604 మందిలో మూడేళ్ల తరువాత రెండు వర్గాల మేధాశక్తికీ చెప్పుకోదగిన తేడా లేదు. అయితే రెండు వర్గాలవారూ తిండి కొంత తగ్గించారు, సుమారు 5 కిలోల బరువు కోల్పోయారు, పరీక్షలలో కాస్త మెరుగుపడ్డారు. మూడేళ్లు చాలని గడువు కావచ్చు. తన నమ్మకాన్ని తానే పరీక్షకు నిలిపిన రచయిత్రి పట్ల గౌరవం మాత్రం పెరుగుతుంది.

వ్యాయామం కథా ఇటువంటిదే. 2011లో వెలువడిన అధ్యయనంలో 120 మంది వృద్ధులలో కొందరు ఏడాదిపాటు వారానికి మూడు రోజులు నడిచారు. జ్ఞాపకాలకు నెలవైన హిప్పోకాంపస్ వారిలో 2 శాతం పెరిగింది. ఒళ్లు సాగదీసే వ్యాయామంతో సరిపెట్టుకున్నవారిలో తగ్గింది. జ్ఞాపకశక్తి పరీక్షలో మాత్రం ఇరువురూ మెరుగయ్యారు! మొదటి సగాన్ని చాటేవారు రెండో సగాన్ని సాధారణంగా మరచిపోతారు.

53 శాతాన్ని హామీగా చదువుకున్న ఇంట తల్లికి మతిమరుపు సోకితే, ఆ నింద ఆమె తిన్న అన్నం మీదో, నడవని నడక మీదో పడుతుంది. సముద్రాల ఆవల నుంచి ఫోనులో ఆమె పళ్లెంలోని తిండిని ఆరా తీసే బిడ్డలకు అది సులువైన నింద. మోరిస్ పట్టికలోని 15 అంశాలలో ఆ నిందకు చోటు లేదు. తోటకూర పప్పుకు మాత్రం నిశ్చయంగా ఉంది.