శిలాఫలకం మీద ఎవరి పేరు?

ఆదివారం ఆరాధన ముగిశాక మందిరం గేటు దగ్గర యువకులు గుంపుగా నిలబడి వాదించుకోవడం మనకు కొత్త కాదు. ఏలూరులోనైనా, తాడేపల్లిగూడెంలోనైనా, కొల్లేటి లంక గ్రామాల్లోనైనా ఆ వాదన సగం రోజులు క్రికెట్ గురించే. అందులో తెగని ప్రశ్న ఒకటుంది. రిటైరైన మన ఆటగాళ్లలో హాల్ ఆఫ్ ఫేమ్‌కు అర్హులెవరు? ఇది పొద్దుపోని కబురులా కనిపిస్తుంది గానీ, మనం ఎవరిని గౌరవిస్తామో చూసే మన పిల్లలు ఎవరిలా ఉండాలో నేర్చుకుంటారు.

అంతర్జాతీయ క్రికెట్ మండలి 2009లో ఈ గౌరవ పట్టికను ప్రారంభించింది. ఆట మానేసి ఐదేళ్లు గడిచినవారినే పరిశీలిస్తారు. భారతదేశం నుండి బేడీ, గవాస్కర్, కపిల్ దేవ్ మొదలుకొని 2025లో ధోనీ వరకు పలువురు చేరారు. మహిళల్లో డయానా ఎడుల్జీ, నీతూ డేవిడ్ ఉన్నారు. తెలుగువారు గర్వంగా చెప్పుకునే మూడు పేర్లు మాత్రం ఇంకా బయటే ఉన్నాయి.

మొదటి పేరు సి.కె. నాయుడు. నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టారు. 1926లో ఇంగ్లండ్ నుండి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై బొంబాయిలో 11 సిక్సర్లతో 153 పరుగులు చేశారు. 1932లో లార్డ్స్‌లో భారతదేశం ఆడిన మొట్టమొదటి టెస్టుకు నాయకుడు ఆయనే. 1953లో ఆంధ్ర జట్టు రంజీ పోటీల్లో అడుగుపెట్టినప్పుడు, 58 ఏళ్ల వయసులో దానికీ నాయకత్వం వహించారు. అయితే లెక్కల్లో ఆయనకు మిగిలింది 7 టెస్టులు, 350 పరుగులు. రెండో ప్రపంచయుద్ధానికి ముందు భారతదేశం ఆడినవే 7 టెస్టులు. ఆ ఏడూ ఆయన ఆడారు. అవకాశమే లేని కాలంలో పుట్టినవాణ్ణి నేటి అంకెలతో కొలవడం న్యాయమా? 2021లో మండలి పాత తరాల నుండి పదిమందిని ప్రత్యేకంగా ఎంపిక చేసింది. రెండు యుద్ధాల మధ్య కాలానికి కాన్‌స్టంటైన్, మెక్‌కేబ్‌లను తీసుకుంది. వారి అర్హతను ఎవరూ కాదనరు. కానీ నాయుడిని మరచిపోవడం మాత్రం లోటే.

రెండవ పేరు వి.వి.ఎస్. లక్ష్మణ్. 134 టెస్టుల్లో 8,781 పరుగులు, 17 సెంచరీలు. 2001లో కోల్‌కతాలో ఫాలో ఆన్ ఆడుతూ ఆస్ట్రేలియాపై చేసిన 281 పరుగులను చూసినవారెవరూ మరువలేరు. ఆ రోజు అవతలి కొసన నిలబడిన ద్రావిడ్‌కు 2018లోనే ఈ గౌరవం దక్కింది. జట్టు మునిగిపోతున్నప్పుడు ఆదుకున్న పరుగుల విలువ సగటులో కనిపించదు.

మూడవ పేరు దగ్గరే వాదన వేడెక్కుతుంది. హైదరాబాద్ అజారుద్దీన్ మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు చేశారు. 99 టెస్టులు ఆడి 22 సెంచరీలు సాధించారు. మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణలపై 2000లో బోర్డు జీవితకాల నిషేధం విధించింది. 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదని తీర్పు చెప్పింది.

అమెరికా బేస్‌బాల్‌లో ఇలాంటి వాదన దశాబ్దాలుగా సాగుతోంది. అక్కడ ఓటు వేసే క్రీడా విలేకరుల్లో 75 శాతం మంది ఒప్పుకుంటేనే ప్రవేశం. 4,256 హిట్లు కొట్టిన పీట్ రోజ్ పందేలు కాసినందుకు 1989లో నిషేధానికి గురయ్యాడు. 2024లో చనిపోయాడు. మరుసటి ఏడాది, మరణంతో నిషేధం ముగుస్తుందని నిర్వాహకులు ప్రకటించారు. బ్రతికి ఉండగా తెరవని తలుపును సమాధి తరువాత తీయడంలో ఎవరికి మేలు?

హెబ్రీ పత్రిక 11వ అధ్యాయాన్ని మనం విశ్వాసవీరుల పట్టిక అంటాం. అందులో రాహాబు ఉంది, సమ్సోను ఉన్నాడు, దావీదు ఉన్నాడు. వారి తప్పులను లేఖనం ఎక్కడా దాచలేదు. పేర్లు లేని అనేకులనూ ఆ అధ్యాయం లెక్కలోకి తీసుకుంది. మనకు దారి ఇక్కడే దొరుకుతుంది. కోర్టు కొట్టివేసిన శిక్షను మనం అరుగు మీద కూర్చుని మళ్లీ వేయకూడదు. అలాగని ఎవరి కథలోనైనా సగాన్ని చెరిపివేసి దండ వేయకూడదు. పేరు చెక్కితే కథ మొత్తం చెక్కాలి. బెట్టింగ్ యాప్‌ల వల్ల అప్పులపాలైన పిల్లలు మన సంఘాల్లోనే ఉన్నారు. 2025లో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. ఆటలో నిజాయితీ ఎందుకో ఈ పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి సందర్భం ఉండదు.

మన ఓటు అడిగితే మొదట నాయుడికి, తరువాత లక్ష్మణ్‌కు వేస్తాం. అజారుద్దీన్ విషయంలో ఆటకు ఒక పేజీ, ఆరోపణకూ తీర్పుకూ మరో పేజీ కేటాయించి, రెండూ చదివాకే చేయెత్తమంటాం.

అయితే పెద్ద పట్టికల కోసం వాదించే మనం చిన్న పట్టికలు రాస్తున్నామా? సికింద్రాబాద్‌లో పుట్టిన తులసీదాస్ బలరామ్ 1962 ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ బంగారు పతకం గెలిచిన జట్టులో ఉన్నారు. ఆయనతో కలిసి ఆడిన చునీ గోస్వామికి, పి.కె. బెనర్జీకి పద్మశ్రీ వచ్చింది. ఆయనకు రాకుండానే 2023లో కన్నుమూశారు. గౌరవం ఆలస్యమైతే అది సంతాపసభగా మారిపోతుంది.

మన మందిరాల గోడల మీద ఫ్యాన్లు, బల్లలు ఇచ్చిన దాతల పేర్లుంటాయి. తప్పు లేదు. కానీ ఊరి పిల్లలకు వాలీబాల్, కబడ్డీ నేర్పిన పాత డ్రిల్లు మాస్టారు వెనుక బల్ల మీద కూర్చుని ఉంటారు. జిల్లా జట్టుకు ఆడిన అక్క ఇప్పుడు చేపల చెరువు మీద కూలికి వెళుతుంటుంది. ఈ క్రిస్మస్ యువజన పోటీలకు బహుమతులివ్వడానికి నాయకులను పిలిచే ముందు వారిని పిలవండి. వారు వినగలిగినప్పుడే వారి పేరు మైకులో చదవండి.