మంచిపిల్లల గురించి నాలుగు చేదు మాటలు

"ఏడిపించినవాడే హీరోనా? ఇదెక్కడి కథమ్మా!" అన్నారు మా వదినగారు, చేతిలో పుస్తకం మంచం మీద పడేసి.

అది మా అమ్మాయి పుస్తకం. జపాను వాళ్ళ బొమ్మల కథ. 'మాంగా' అంటారు. కుడి నుంచి ఎడమకి తిప్పుకుంటూ చదవాలి. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. మా ఇంట్లో క్లాసు పుస్తకాలు ఎడమ నుంచి కుడికి ఎంత నెమ్మదిగా తిరుగుతాయో, ఇవి కుడి నుంచి ఎడమకి అంత జోరుగా తిరుగుతాయి. వదినగారు ముప్ఫయ్యేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. నాలుగు రోజులుండి పోదామని వచ్చి, మేనకోడలు ఏం చదువుతోందో చూద్దామని కళ్ళజోడు తగిలించుకుని కూర్చున్నారు. మొదటి భాగం సగం దాకా వచ్చి, ఇదుగో, ఈ తీర్పు చెప్పేశారు.

నేనప్పుడు నోరు మెదపలేదు. ఆడబిడ్డతో వాదించి నెగ్గినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, వెళ్ళి దణ్ణం పెట్టుకొస్తాను. కానీ ఆ రాత్రే పుస్తకం చేతిలోకి తీసుకున్నాను. మూడు రాత్రుల్లో ఏడు భాగాలూ పూర్తి చేశాను. వదినగారికి జవాబు ఇదుగో, ఇక్కడ చెబుతున్నాను. అచ్చులో వాదిస్తే మధ్యలో అడ్డు తగిలేవాళ్ళుండరు కదా!

కథ పేరు 'కోయె నో కటాచి'. గొంతుకి ఉండే ఆకారం అని అర్థం. రాసిందీ, బొమ్మలు వేసిందీ యోషితోకి ఓయిమ అనే అమ్మాయి. 1989లో పుట్టింది. ఇంకా ఇరవై నిండకుండానే, 2008లో, ఇదే కథని చిన్నదిగా రాసి ఓ పత్రిక పోటీలో బహుమతి కొట్టేసింది. బహుమతైతే ఇచ్చారు గానీ, వేసుకోవడానికి పత్రిక వాళ్ళకి గుండె చాల్లేదు. వినబడని పిల్లని బళ్ళో ఏడిపించే కథాయె, ఎవరేమంటారో అని భయం. చివరికి బధిరుల సమాఖ్య వాళ్ళకి చూపించి మరీ 2011లో అచ్చేశారు. 2013లో ఓ వారపత్రికలో సీరియల్‌గా మొదలై 2014లో ముగిసింది. 62 అధ్యాయాలు. 2016లో నవోకో యమదా అనే ఆవిడ దాన్ని సినిమా కూడా తీశారు.

నేనూ వారపత్రికలకి సీరియళ్ళు రాసినదాన్నే. వారం వారం పాఠకుణ్ణి కట్టి పడెయ్యడం ఎంత కష్టమో తెలుసు. దానికోసం మనం ఎలాంటి అబద్ధాలు ఆడతామో కూడా తెలుసు. ఈ పిల్ల ఆ అబద్ధాలు ఆడలేదని నా గోల.

ముందు కథ కాస్త చెప్పాలి. ఇషిదా అనేవాడు ఆరో తరగతి కుర్రాడు. క్లాసులోకి షోకో అనే కొత్తపిల్ల వస్తుంది. వినబడదు. ఓ నోటుపుస్తకం పట్టుకుని, నాతో మాట్లాడాలంటే ఇందులో రాయండి అంటుంది. మొదట్లో రాస్తారు. తర్వాత విసుగు. ఆ తర్వాత ఆట. ఇషిదా ఆ పిల్ల చెవి యంత్రాలు లాగి పారేస్తాడు. అయిదు నెలల్లో ఎనిమిది యంత్రాలు పోయాయి. ప్రధానోపాధ్యాయుడు క్లాసుకొచ్చి అడిగాడో లేదో, అప్పటిదాకా చూసీ చూడనట్టు ఊరుకున్న క్లాసు టీచరు "ఇషిదా, లేచి నిలబడు" అంటాడు. అప్పటిదాకా పకపకా నవ్విన పిల్లలందరూ వాడివైపు వేలు చూపిస్తారు. మర్నాటి నుంచి వాడి బల్ల మీద తిట్లు, వాడి చెప్పులు మాయం. ఏడిపించడానికి ఇప్పుడు వాడు దొరికాడు. వాడి తల్లి క్షౌరశాల నడుపుకునే మనిషి. ఆ యంత్రాల ఖరీదు 17 లక్షల యెన్లూ కిక్కురుమనకుండా కట్టింది.

వదినగారు పుస్తకం పడేసింది ఇంచుమించు ఇక్కడే. అక్కడ ఆగిపోతే ఆవిడ మాట నిజమే. మిగతా ఆరున్నర భాగాలూ ఉన్నది ఆ మాటకి జవాబు చెప్పడానికే.

మన నవలల్లో చెడ్డవాడు ఎలా మారతాడో గుర్తు తెచ్చుకోండి. ఓ జ్వరం వస్తుంది. లేదా ఓ ఉత్తరం అందుతుంది. వాడు తలగడలో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడుస్తాడు. మర్నాడు పొద్దున్నే కొత్తమనిషై, స్నానం చేసి, హీరోయిన్ కాళ్ళ మీద పడతాడు. ఆవిడ తల నిమురుతుంది. శుభం! నేనే ఇలా ముగ్గుర్ని మార్చాను. కన్నీళ్ళు అంత చవగ్గా దొరుకుతుంటే వాడుకోకేం చేస్తాం?

ఇషిదా ఇలా మారడు. అయిదేళ్ళు గడుస్తాయి. స్నేహితుడనేవాడు ఒక్కడూ లేడు. ఎదుటివాళ్ళ మొహం చూడలేడు. బొమ్మల్లో క్లాసులో అందరి మొహాల మీదా పెద్ద గుణకారం గుర్తు అడ్డంగా వేసి ఉంటుంది. ఆ ఒక్క గీతలో రచయిత్రి చెప్పింది నేను నాలుగు పేజీల్లో చెప్పలేను. వాడు సామాన్లు అమ్మి, చిన్నా చితకా పనులు చేసి తల్లి కట్టిన డబ్బంతా కూడబెడతాడు. అది ఆవిడ తలగడ పక్కన పెట్టి, షోకో పాత నోటుపుస్తకం ఆవిడకి తిరిగిచ్చేసి, చచ్చిపోదామని బయల్దేరతాడు. అప్పు తీర్చేస్తే సరిపోతుందనుకున్నాడు పాపం!

షోకో కనబడింది. వాడు చేతులతో మాట్లాడాడు. మూగసైగలు కావు, ఆవిడ భాష. ఎప్పుడో ఆరో తరగతిలో ఆ పిల్ల రెండు చేతులూ ఒకదానితో ఒకటి కలిపి పట్టుకుని ఏదో చూపిస్తే, వీడు అర్థంకాక మొహాన మట్టి కొట్టాడు. స్నేహం చేద్దామా అని ఆ సైగకి అర్థం. అయిదేళ్ళ తర్వాత వాడే ఆ చేతులు కలిపి అదే ప్రశ్న అడుగుతాడు. నన్నడిగితే పశ్చాత్తాపమంటే ఇది. ఏడవడానికి ఒక్క రాత్రి చాలు. ఒకరి భాష నేర్చుకోవాలంటే రోజూ కూర్చోవాలి.

అయినా రచయిత్రి వాడికి బహుమతి చేతిలో పెట్టదు. తల్లికి సంగతి తెలిసిపోతుంది. చావనని మాటివ్వకపోతే ఈ డబ్బు తగలబెడతానని అగ్గి చూపించి బెదిరిస్తుంది. బెదిరింపు కాస్తా నిజమై నోట్లు భగ్గుమంటాయి. నవ్వొస్తుంది, గుండె పట్టేస్తుంది. అప్పు తీర్చి తప్పించుకునే దారి కూడా కాలిపోయింది. ఇక బతికి తీరాలి.

ఇక స్నేహితులు. నగత్సుకా అని ఓ బొద్దుగా, ఉంగరాల జుట్టువాడు. వాడి సైకిలు ఎవడో లాక్కోబోతుంటే ఇషిదా తన సైకిలిచ్చి పంపించేస్తాడు. పోయిన ఆ సైకిల్ని వెతికి తెచ్చిన క్షణం నుంచి నగత్సుకా 'ప్రాణస్నేహితుణ్ణి' అంటూ వెంట తిరుగుతాడు. పాత క్లాసువాళ్ళు కూడా ఒక్కొక్కరే చేరతారు. హమ్మయ్య, బాగుపడ్డాడనుకుంటాం. అంతలో వాడి పాత కథ కొత్త క్లాసులో బయటపడుతుంది. వంతెన మీద అందరూ ఉండగా వాడు ఒక్కొక్కరినీ, ఎవరికెక్కడ తగులుతుందో అక్కడే చూసి మాటలతో పొడుస్తాడు. మారినవాడే! మారినా నాలుక మారలేదు. మనిషి మారడం మెట్లెక్కినట్టు ఉండదనీ, ఎక్కిన మెట్టు మీంచే జారిపడొచ్చుననీ ఒప్పుకున్న రచయితలు ఎంతమందున్నారు చెప్పండి?

ఇది ఒక అబద్ధం సంగతి. రెండోది ఇంకా పెద్దది, అది మన ఆడవాళ్ళ అబద్ధం.

షోకో ఎప్పుడూ నవ్వుతుంటుంది. కొట్టినా నవ్వు, తిట్టినా "క్షమించండి". మా వదినగారికి ఆ పిల్ల నచ్చింది. "ఎంత ఓర్పు! దేవత!" అన్నారు. నేనూ అలాంటి దేవతల్ని చాలామందిని పుట్టించి, నా నవలల్లో అత్తగార్ల చేత తిట్టించాను. ఉత్తరాలు కుప్పలు తెప్పలుగా వచ్చేవి. కానీ ఓయిమ ఏం చేసిందో చూడండి. షోకో చెల్లెలు యుజురు చచ్చిన పిట్టల్నీ పురుగుల్నీ ఫోటోలు తీసి ఇంట్లో గోడలకి అంటిస్తుంటుంది. ఇదేం పిచ్చి అనుకుంటాం. అవి చూసైనా అక్కకి చావు మీద ఏవగింపు పుట్టాలని ఆ పసిదాని ప్రయత్నం! నవ్వుతున్న అక్క లోపల ఏముందో ఇంట్లో దానికి తెలుసు. బాణాసంచా పండుగ రాత్రి ఆ దేవత బాల్కనీ పిట్టగోడ ఎక్కేస్తుంది. ఇషిదా చెయ్యి పట్టి పైకి లాగి, తను కింద పడతాడు.

ఓర్పు అని మనం మెచ్చుకున్నది ఇన్నాళ్ళూ ఆ పిల్ల తన మీద తను పెంచుకున్న అసహ్యం. నా వల్లే అందరూ కష్టపడుతున్నారు, నేను లేకపోతే బాగుంటుంది అన్న లెక్క. నవ్వుతూ భరించే ఆడపిల్లని చూసి చప్పట్లు కొట్టే మనందరికీ ఆ పిట్టగోడలో తలా ఓ ఇటుక ఉంది. నా ఇటుకలు నాకు తెలుసు.

ఆ తర్వాత కదా షోకో నిజంగా మారేది! ఇషిదా ఆస్పత్రిలో స్పృహ లేకుండా పడి ఉంటే, తను విరగ్గొట్టాననుకున్న దాన్ని తనే అతకడానికి ఒక్కొక్కరి దగ్గరికీ నడిచి వెళుతుంది. క్షమించమని అడిగే పిల్ల పని అడిగే పిల్ల అవుతుంది.

మూడో సంగతి స్నేహితురాళ్ళది. ఉయెనో, కవాయి. మా అమ్మాయి ఉయెనో పేరెత్తితే మండిపడుతుంది. ఎందుకు మండదూ! షోకోని చిన్నప్పుడు ఏడిపించింది, పెద్దయ్యాక కూడా నువ్వంటే నాకిష్టం లేదని మొహాన చెప్పింది, ఆస్పత్రి బయట చెయ్యి కూడా చేసుకుంది. ఇలాంటిదానికి కథలో చోటిచ్చినందుకు రచయిత్రి మీద చాలామందికి కోపం. నేనంటాను, షోకోతో నటించకుండా మాట్లాడిన మొదటి మనిషి ఉయెనోనే. చిన్నప్పుడు టీచరు పురమాయిస్తే పక్కన కూర్చుని పాఠాలన్నీ ఆ పిల్లకి రాసి పెట్టిందీ ఉయెనోనే. పెద్దవాళ్ళు చెయ్యాల్సిన పని ఓ పసిదాని నెత్తిన పడేసి, అది విసుక్కుంటే రాక్షసి అన్నారు. అందరూ అందరికీ స్నేహితులై తీరాలని ఎవరన్నారు? ఇష్టం లేదని చెప్పినవాళ్ళతో కూడా ఓ బల్ల దగ్గర కూర్చోవడం నేర్చుకోవడమే సగం స్నేహం.

కవాయి అలా కాదు. కళ్ళజోడు, జడలు, క్లాసు లీడరు. ఎప్పుడూ చెయ్యెత్తి ఎవర్నీ కొట్టలేదు. నవ్వింది, అంతే. అడిగినప్పుడు, "నేనేమీ అనలేదు, వద్దని చెబుతూనే ఉన్నాను" అని ఏడ్చింది. తను మంచిపిల్లనని ఆ అమ్మాయికి నిజంగానే నమ్మకం. ఆరో భాగంలో కథ ఒక్కొక్క స్నేహితుడి కళ్ళలోంచి నడుస్తుంది. కవాయి వంతు వచ్చేసరికి నేను పుస్తకం మూసేశాను.

చెప్పేస్తాను. నేను ఏడో తరగతిలో క్లాసు లీడర్ని. మా క్లాసులో ఓ పిల్లకి నత్తి. హాజరు పిలిచేటప్పుడు ఆ పిల్ల నంబరు ఎప్పుడొస్తుందా అని నలభై మందిమీ ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్ళం. "ప్రెజెంట్ టీచర్" అనడానికి ఆ పిల్ల పడే అవస్థ మాకు రోజూ ఉచిత వినోదం. నేను వెక్కిరించలేదు. చేత్తో నోరు మూసుకుని నవ్వేదాన్ని. ఓ రోజు ఆ పిల్ల తండ్రి బడికొచ్చారు. ఎవరు ఏడిపిస్తున్నారని అడిగితే అందరికంటే ముందు లేచింది నేనే. నలుగురి పేర్లు చెప్పాను. వాళ్ళకి దెబ్బలు పడ్డాయి. నాకు "మంచిపిల్ల" అని పేరొచ్చింది. ఆ పిల్ల అర్ధసంవత్సరం సెలవుల తర్వాత మళ్ళీ రాలేదు. ఎక్కడుందో నాకు తెలీదు. ఇన్ని నవలలు రాశాను, ఏడ్చే ఆడపిల్లల కోసం ఇంత సిరా ఒలకబోశాను. ఒక్కదాంట్లోనూ ఆ పిల్ల లేదు. ఉంటే నేనూ ఉండాలి కదా!

ఇషిదాకి చెయ్యెత్తి చూపించగల తప్పు ఉంది. అందుకే వాడికి మారే దారి దొరికింది. కవాయికి ఆ దారి దొరకడం కష్టం. తప్పు చెయ్యలేదనుకునేవాళ్ళు దేన్నుంచి మారతారు?

కాబట్టి వదినగారూ, మీ ప్రశ్నకి నా జవాబు ఇది. ఏడిపించినవాడి కథ పిల్లలు చదవాలి, ఎందుకంటే క్లాసులో ఏడ్చేవాళ్ళు ఒకళ్ళో ఇద్దరో, ఏడిపించేవాళ్ళు నలుగురు, నవ్వేవాళ్ళు మిగతా అందరూ. మనం రాసే కథలన్నీ ఆ ఒక్కరి గురించే. చదివే పిల్లలందరూ ఆ ఒక్కరూ తామేననుకుని హాయిగా కన్నీళ్ళు పెట్టుకుంటారు. మిగతా వాళ్ళ సంగతి ఎవరు రాస్తారు? ఇంకొక్కమాట, కోప్పడకండి. కుర్రాడికి శిక్ష పడలేదన్నారు గానీ, ఆ క్లాసు టీచరు గురించి మీరొక్కమాటా అనలేదేం?

ఈ మాట ఎదురుగా అనే ధైర్యం నాకు లేదు. వదినగారు ఊరికి బయల్దేరిన రోజున ఆవకాయ సీసా పక్కన ఏడు భాగాలూ సంచిలో సర్దేశాను. ఆవిడ చూశారు. "ఏమిటమ్మా ఈ బరువు?" అన్నారు గానీ, తీసి ఇవతల పెట్టలేదు.

నెల దాటింది. తిరిగి పంపలేదు. నా పుస్తకాలేవని మా అమ్మాయి రోజూ నా ప్రాణం తీస్తోంది.