మాస్టారి మాట: పాత కంప్యూటరుకు కొత్త కార్డు



మన పూడిమడకలో ఇనుప మేకును నాలుగు రోజులు బయట ఉంచితే తుప్పు పట్టడం మీరు చూచే ఉంటారు. ఉప్పుగాలి మహిమ అది! ఆ గాలిలోని చెమ్మ మనం దాచుకొన్న రాతలను కూడా పాడుచేస్తుంది. ఆ సంగతి నాకు ఒక పాత కంప్యూటరు నేర్పింది.

1984లో మన ప్రభుత్వం ‘క్లాస్’ అనే పథకం కింద దేశంలోని దాదాపు 250 బడులకు బి.బి.సి. మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. ఇంగ్లండులో ఎకార్న్ కంపెనీ 1981లో తెచ్చిన యంత్రం అది. దాని మెమరీ 32 కిలోబైట్లే! మీ ఇంట్లో ఫోను తీసే ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు. అందుచేత ప్రోగ్రాములను టేపు కాసెట్ల మీద, ఫ్లాపీల మీద దాచేవారు.

అటువంటి యంత్రం ఒకటి, కొన్ని ఫ్లాపీలతో సహా, నా చేతికి వచ్చింది. ఒక ఫ్లాపీకి బూజు పట్టి ఉన్నది. తొందరకొద్దీ దాన్ని అలాగే డ్రైవులో పెట్టాను. కర్రుమన్నది, పైపూత గీసుకుపోయింది. ఎవరో పిల్లవాడు కష్టపడి రాసిన ప్రోగ్రాము నా చేతులతోనే పోయింది!

మిగిలినవాటిని మెమరీ కార్డులోకి ఎత్తాలనుకొన్నాను. చిక్కులు రెండు. పాత యంత్రం పంపే సంకేతాలు 5 వోల్టులవి. కార్డు ఓర్చుకొనేది 3.3 వోల్టులే. కనుక నడుమ వోల్టేజి తగ్గించే చిన్న సర్క్యూటు పెట్టాలి. రెండవ చిక్కు భాషది. యంత్రం ఫ్లాపీని అడిగినట్టే 256 బైట్ల చొప్పున అడుగుతుంది. కార్డు 512 బైట్ల చొప్పున ఇస్తుంది. అందుకని ఇద్దరికీ ఒక దుబాసీ కావాలి. ఎం.ఎం.ఎఫ్.ఎస్. అనే ప్రోగ్రాము ఆ పని చేస్తుంది. కార్డును 200 కిలోబైట్ల ఫ్లాపీలు 511 ఉన్నట్టుగా చూపుతుంది. పాపం, ఆ యంత్రం తాను ఫ్లాపీనే చదువుతున్నాననుకొంటుంది!

బూజు ఉన్నవాటిని శుభ్రం చేశాకే డ్రైవులో పెట్టి, ఒక్కొక్కటిగా ఎత్తాను. ఒకదానిలో ఎక్కాల ఆట ఉన్నది. తెర మీద ముందుగా “నీ పేరేమిటి?” అని ఇంగ్లీషులో అడిగింది. ఆ ప్రశ్న రాసిన పిల్లవాడికి ఈపాటికి తల నెరిసి ఉంటుంది!

మీ ఇంట్లో తాతగారి గొంతు ఉన్న కాసెట్టో, పాత ఫ్లాపీయో ఉంటే ఈ ఆదివారమే పెద్దలకు చూపండి. బూజు ఉంటే యంత్రంలో పెట్టనివ్వకండి. ఎత్తిన తరువాత రెండు ప్రతులు రెండు చోట్ల దాచండి. కొత్త కార్డు కూడా ఒకనాటికి పాతబడేదే గదా!