సంపాదకుని మాట: మానదలచినవారికి తోడు

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణాన్ని మూయించి రాష్ట్రాన్నే కదిలించారు. అయితే దుకాణం మూతపడినంత మాత్రాన శరీరానికి పట్టిన వ్యసనం వదలదు గనుక, మానదలచినవారికి తోడు ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్న అలాగే మిగిలింది. ఈ సంచిక ఆ ప్రశ్నకే కేటాయించబడింది.

1935లో అమెరికాలోని ఏక్రన్ నగరంలో ఒక స్టాక్ బ్రోకరు, ఒక శస్త్రవైద్యుడు కలిసి ఆరంభించిన ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే పేరు బయటపెట్టని మద్యవ్యసనపరుల సహవాసం, నేడు హైదరాబాదు, విశాఖపట్నాలలోనూ సమావేశమవుతున్నది. తాగుడు మానాలన్న కోరిక తప్ప మరో అర్హత అక్కరలేదు, రుసుము లేదు, కొత్తవారు ఇంటిపేరు చెప్పకపోయినా, చివరిదాకా మౌనంగా వింటూ కూర్చున్నా నిలదీసేవారుండరు. పరువు పోతుందన్న భయంతో గడప దాటని కుటుంబాలకు ఈ గోప్యతే పెద్ద అండ. భార్యాపిల్లలు వెంట వెళ్లదలిస్తే, అందరికీ ప్రవేశమున్న ‘బహిరంగ సమావేశం’ ఏనాడో ముందుగా కనుక్కోవాలి, ఎందుకంటే తక్కినవి వ్యసనపరులకే పరిమితం.

ఏళ్ల తరబడి రోజూ తాగినవారు ఒక్కసారిగా మానితే మూర్ఛలు, మతిభ్రమ, ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయం కూడా కలుగుతాయి కనుక బృందంలో చేరినా వైద్యుని పర్యవేక్షణ తప్పనిసరి. దారి తెలియనివారు కేంద్ర ప్రభుత్వ ఉచిత సహాయవాణి 14446కు ఫోన్ చేయాలని పత్రిక కోరుతున్నది.