పాత కారుకి వారంటీ తాయెత్తు

కోల్‌కతాలోని గార్డెన్ రీచ్‌లో ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం ఉంది. 2003 వరకు వాల్తేరు డివిజన్ కూడా ఈ రైల్వే కిందే ఉండేది. అందుకే ఉత్తరాంధ్ర నుంచి ఉద్యోగాల కోసం ఇక్కడికి వచ్చిన తెలుగువాళ్ళున్నారు. బదిలీల ఉద్యోగం చేసేవాళ్ళు సెకండ్ హ్యాండ్ కారు కొనడం తెలివైన పనే. కానీ బేరం కుదిరాక డీలరు చివర్లో ఒక మాట అంటాడు: "ఇంకో పన్నెండు వేలు కడితే ఏడాది వారంటీ సార్, నిశ్చింతగా ఉండొచ్చు."

నిశ్చింతని అమ్మేవాడు ఎవడైనా సరే, హేతువాది లెక్క అడగాలి.

ఉదాహరణకి, ఏడాదిలో పెద్ద రిపేరు వచ్చే అవకాశం పదింట ఒకటి అనుకుందాం. ఖర్చు 40,000 రూపాయలు అనుకుందాం. అంటే సగటు నష్టం 4,000. మిగతా 8,000 మన భయానికి కట్టిన ధర. ఈ అంకెలు మారొచ్చు కానీ సూత్రం మారదు. రిపేర్ల ఖర్చు, కమీషన్, లాభం అన్నీ కొనేవాళ్ళ డబ్బులోంచే రావాలి కదా!

"మరి ఇన్సూరెన్స్ కూడా అంతేగా?" అంటారు. నిజమే. కానీ మన కారు గుద్ది ఒక మనిషి చనిపోతే కట్టాల్సిన పరిహారం కుటుంబాన్నే ముంచేస్తుంది. అందుకే 1988 మోటారు వాహనాల చట్టం థర్డ్ పార్టీ బీమాని తప్పనిసరి చేసింది. భరించలేని నష్టానికే బీమా చెయ్యాలి. గేర్‌బాక్స్ రిపేరుకి అప్పు చెయ్యక తప్పనివాళ్ళు వారంటీ కొంటే నేను తప్పుపట్టను, షరతులు చదివితే చాలు.

ఆ షరతుల్లోనే ఉంది అసలు సంగతి. క్లచ్, బ్రేక్ ప్యాడ్లు, టైర్లు, బ్యాటరీ సాధారణంగా "అరుగుదల" కింద పోతాయి. వానాకాలంలో రోడ్డు మీద నిలిచిన నీళ్ళు ఇంజన్లోకి వెళ్తే అది "బయటి కారణం". హుగ్లీ ఒడ్డున ఉండేవాడికి నిజమైన భయం అదే, దానికి మాత్రం ఈ కాగితం పనికిరాదు! దానికి మోటారు బీమాలో ఇంజన్ రక్షణ కవరు విడిగా తీసుకోవాలి.

"మా బావకి క్లెయిమ్ వచ్చింది" అనేవాళ్ళుంటారు. తాయెత్తు ఫలించినవాడు ఊరంతా చెప్తాడు. ఫలించనివాడు నోరెత్తడు. ఒక్కడి అనుభవం ఋజువు కాదు.

పాత కారు లోపాలు అమ్మేవాడికి తెలుస్తాయి, కొనేవాడికి తెలియవు. ఈ తేడా మార్కెట్‌నే ఎలా చెడగొడుతుందో 1970లో జార్జ్ ఎకర్లాఫ్ వివరించాడు, 2001లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. గ్యారంటీ ఈ తేడాని తగ్గించగలదని కూడా ఆయన చెప్పాడు. అయితే అమ్మేవాడు తన రిస్కు మీద ఇస్తేనే అది కారు నాణ్యతకి సాక్ష్యం. విడిగా డబ్బు తీసుకుని ఇస్తే అది మరో సరుకు.

కాబట్టి డీలరుతో సంబంధం లేని మెకానిక్‌కి డబ్బిచ్చి కారు చూపించండి. సర్వీసు రికార్డులు అడగండి. ఆ పన్నెండు వేలు బ్యాంకులో ఉంచుకోండి. డీలరుని ఒక్కటే అడగండి: "ఈ కారు మీద మీకంత నమ్మకముంటే ఆరు నెలల గ్యారంటీ ఇదే ధరలో రాసిస్తారా?"

ఆయన జవాబుని బట్టి కారు సంగతి కొంత తెలుస్తుంది.