తాతల పాపము – మనుమల పాఠము

అర్థవిపరిణామమును బోధించు తెలుగు ఉపాధ్యాయునకు ఉదాహరణముల కొదువ లేదు. ‘కంపు’ అనగా ఒకప్పుడు వాసన మాత్రమే; నేడు దుర్వాసన. ‘ఛాందసుడు’ అనగా వేదవేత్త. నేడు లోకజ్ఞత లేనివాడు. ఇట్టి అర్థాపకర్షకు మన హైదరాబాదు సీమలో మరియొక ఉదాహరణము కలదు. అది ‘రజాకారు’. తనంతట తాను సేవకు వచ్చినవాడని ఆ పదమునకు మూలార్థము. 1947, 48 సంవత్సరముల పిదప తెలంగాణ పల్లెలలో ఆ మాట వినినవారికి దోపిడియు, మంటలును జ్ఞప్తికి వచ్చునే కాని సేవ జ్ఞప్తికి రాదు.

కొన్ని సంవత్సరముల క్రిందట ఈ ఉదాహరణమును తరగతిలో చెప్పితిని. వెనుక బల్లనుండి ఎవరో మెల్లగా ఒక సహాధ్యాయి పేరు పలికిరి. నవ్వులు వినబడినవి. ఆ పిల్లవాడు తల వంచుకొనెను. ఆతడు పుట్టుటకు అర్ధశతాబ్దము ముందే రజాకార్ల దళములు రద్దయిపోయినవి. ఆతని తాత ముత్తాతలు ఎవరో, ఏమి చేసిరో నవ్వినవారికి తెలియదు. పేరును బట్టి మతము మాత్రము తెలియును. అంతలో గంట మ్రోగినది. నేను పుస్తకము మూసి బయటకు వచ్చితిని. చెప్పవలసిన మాట చెప్పకపోతిని. ఆ బాకీ తీర్చుకొనుటకే ఈ నాలుగు మాటలు.

యుద్ధకాలమున పెద్ద రాజ్యముల ప్రజలకును చిన్న దేశముల ప్రజలకును ఒక భేదము కలదు. పెద్ద దేశమున ద్రోహి ఇల్లు ఒక పట్టణమునను, బాధితుని ఇల్లు వేరొక పట్టణమునను ఉండవచ్చును. చిన్న దేశమున, చిన్న సీమలో, ఇరువురికి బావి ఒకటే, బడి ఒకటే. యుద్ధము ముగిసిన మరునాటినుండి వారి బిడ్డలు ఒకే బల్లపై కూర్చుండవలెను.

నార్వే దేశమును చూడుడు. 1940 ఏప్రిల్ 9న జర్మను సేనలు ఆ దేశముపై దిగునాటికి అక్కడి జనసంఖ్య సుమారు ముప్పది లక్షలు. ఆనాటి రాత్రియే క్విస్లింగు అను రాజకీయవేత్త రేడియోలో తానే ప్రభుత్వాధిపతినని ప్రకటించుకొనెను. 1945 అక్టోబరులో ఆతనికి మరణశిక్ష అమలు జరిగినది. ఆతని పేరు దేశద్రోహికి పర్యాయపదమై ఇంగ్లీషు నిఘంటువుల కెక్కినది. ఆతనికి సంతానము లేదు. ఐనను ఆ దేశపు కోపము బిడ్డలను వెదకికొనినది. జర్మను సైనికులకు నార్వే స్త్రీలయందు జన్మించిన పిల్లలు పదివేలకు పైగా ఉండిరి. తల్లులలో పలువురిని నిర్బంధించిరి. పిల్లలు బడిలోను వీధిలోను అవమానముల పాలైరి. తాము చేసిన తప్పేమో ఆ పసివారికి ఎవరును చెప్పలేకపోయిరి. 2000 సంవత్సరారంభమున ఆ దేశ ప్రధాని ఆ బిడ్డలకును, 2018లో మరియొక ప్రధాని వారి తల్లులకును క్షమాపణ చెప్పిరి. అప్పటికి ఆ తల్లులలో బ్రతికియున్నవారు ఎందరు?

ఇక నిజముగా అపఖ్యాతి పాలైనవారి సంతానము మాట. ఆక్రమిత పోలండును పాలించిన హాన్స్ ఫ్రాంకును న్యూరెంబర్గు తీర్పు ననుసరించి 1946లో ఉరి తీసిరి. అప్పటికి ఏడేండ్ల వాడైన కుమారుడు నిక్లాస్ పెద్దవాడై పత్రికారచయితయై, 1987లో తన తండ్రి నేరములను నిర్దాక్షిణ్యముగా ఎండగట్టుచు గ్రంథము వ్రాసెను. హిమ్లరు కుమార్తె గుద్రూన్ 2018లో మరణించువరకు తండ్రినే సమర్థించెను. హిట్లరుకు అంతరంగికుడైన బోర్మన్ జ్యేష్ఠపుత్రుడు క్రైస్తవ మతగురువయ్యెను. ముగ్గురి తండ్రులును ఒకే కొలువులో ఉన్నవారే. ఒకరు నిజము పలికిరి, ఒకరు మొండికెత్తిరి, ఒకరు దైవసేవకు వెళ్ళిరి. మనుష్యుని నడతను నెత్తురే నిర్ణయించునదైనచో ఈ ముగ్గురు మూడు దారులు పట్టియుండరు.

దూరదేశముల మాట అటుండనిచ్చి మన యింటికి వత్తము. నిజాము సంస్థానము విస్తీర్ణమున ఎనుబది రెండు వేల చదరపు మైళ్ళకు పైబడినది. బెల్జియము వంటి దేశములు ఏడు అందులో ఇముడును. ఐనను చుట్టును భారతదేశము, సముద్రతీరము లేదు. స్వతంత్ర రాజ్యముగా నిలువవలెనన్న పాలకుల తలపు నడుమ ప్రజలు నలిగిపోయిరి. 1948 సెప్టెంబరు 13న భారత సేనలు ప్రవేశించినవి. 17న నిజాము యుద్ధవిరమణ ప్రకటించెను. యుద్ధము అయిదు దినములే. దానికి ముందు నడచిన ఏడాదియు, తరువాత నడచిన కొన్ని వారములును మన పాఠములలో ఎంతవరకు ఉన్నవి?

ముందు నడచిన ఏడాదిలో లాతూరు న్యాయవాది కాసిం రజ్వీ నాయకత్వమున రజాకార్లు పల్లెలపై పడిరి. నేటి సిద్దిపేట జిల్లాలోని బైరాన్‌పల్లిలో 1948 ఆగస్టు 27న జరిగిన మారణకాండ ఆ ఊరివారికి నేటికిని మానని గాయమే. అయితే ఆనాటి దౌష్ట్యము ఒక్క మతమువారిదే అనుకొనుట పొరపాటు. జనగామ ప్రాంతమున విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డి పేరు విని ప్రజలు గడగడలాడెడివారు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను కాల్చి చంపినవారు ఆ దేశముఖు మనుష్యులే. మరియొక వంక, రజాకార్లను ఎదిరించి వ్రాసినందుకు 1948 ఆగస్టులో హైదరాబాదు నడివీధిలో చేయి నరకబడి హతుడైన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్. పేరును బట్టి మనిషిని తూచువారికి ఈ రెండు ఉదాహరణములు చాలును.

తరువాత నడచిన వారముల సంగతి పండిత సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్ ప్రభృతులు భారత ప్రభుత్వమునకు సమర్పించిన నివేదికలో ఉన్నది. 1948 చివర వారు సంస్థానమున పర్యటించిరి. తక్కువలో తక్కువగా 27 వేలనుండి 40 వేలవరకు జనులు ప్రాణములు కోల్పోయిరని వారి అంచనా. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు ఎక్కువగా దెబ్బతిన్నవి. వీరిలో అత్యధికులు చేసిన నేరము, రజాకార్ల మతమువారై పుట్టుటయే. ఆ నివేదిక దశాబ్దముల తరబడి ప్రజలకు అందలేదు. అందులోనే ఇంకొక మాటయు కలదు: హిందూ సాలెవారు తమ తోడి ముస్లిం సాలెవారిని కాపాడబోయి ప్రాణములు సైతము అర్పించిరట. మగ్గము కలిపిన మనుష్యులను మతము విడదీయలేకపోయినది.

ఇంతకును ఈ కాండకు కారకులైనవారు ఏమైరి? సంస్థానపు చివరి ప్రధాని లాయఖ్ అలీ 1950లో గృహనిర్బంధమునుండి తప్పించుకొని పాకిస్తాను చేరెను. రజ్వీ శిక్ష అనుభవించి, 1957లో విడుదలై తానును అచటికే వెళ్ళి, 1970లో కరాచీలో మరణించెను. నాయకులు వెళ్ళిపోయిరి. వారి అపఖ్యాతి మాత్రము, వెళ్ళుటకు వేరొక చోటు లేని, వెళ్ళవలెనన్న తలపే లేని ఇక్కడి బిడ్డలకు మిగిలినది.

‘మా తాతలు నేతులు త్రాగిరి, మా మూతులు వాసన చూడుడు’ అనువానిని చూచి మనము నవ్వుదుము. తాత త్రాగిన నేయి మనుమని మూతికి అంటదని మనకు తెలియును. అట్లయినచో తాత కలిపిన విషము మాత్రము మనుమని చేతికి ఎట్లు అంటును? మన పురాణములును ఈ మాటనే చెప్పినవి. హిరణ్యకశిపుని కడుపున ప్రహ్లాదుడు పుట్టెను. ధృతరాష్ట్రుని కొడుకైన యుయుత్సుడు ధర్మపక్షమున నిలిచెను; పాండవులు మహాప్రస్థానమునకు కదలునప్పుడు పరీక్షిత్తునకు అండగా రాజ్యమును ఆతనికే అప్పగించిరి. ప్రహ్లాదుని తెలుగువారి ఇంటి బిడ్డగా చేసిన పోతనామాత్యుని బమ్మెరయు, విసునూరును ఒకే జనగామ సీమలోనివి. ఆ సీమ బిడ్డలకు ఇది క్రొత్తగా నేర్పవలసిన పాఠము కాదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. బైరాన్‌పల్లిలో తాతను కోల్పోయినవాడు, ‘మరచిపొమ్మని మీరు సులభముగా చెప్పుదురు’ అని అనవచ్చును. మరువుమని నేను చెప్పుట లేదు. ఆతని తాత ఎట్లు మరణించెనో, ఎవరు చంపిరో పూర్తిగా చెప్పించుకొను హక్కు ఆతనికి కలదు. బీదరులో తాతను కోల్పోయినవానికిని ఆ హక్కే కలదు. ఆ అప్పు సత్యముతో తీరునే కాని, పరుల మనుమని తల వంచుటచే తీరదు. అట్లే, పాపము వారసత్వముగా రాకపోయినను పాపపు సొమ్ము వచ్చును. అన్యాయముగా చేరిన భూమిని అనుభవించుచు, ‘అది తాతల కాలపు మాట’ అనుట చెల్లదు. జరిగిన దానిని జరుగలేదని బుకాయించువాడు తాత పాపమును మోయుట లేదు. తన పాపమును తానే క్రొత్తగా చేసికొనుచున్నాడు.

కావున ఉపాధ్యాయ సోదరులకు నా మనవి. 1948ని దాచవలదు, సగము చెప్పవలదు. చేసినవానిని వాని పేరుతోనే చెప్పుడు, వాని కులముతోను మతముతోను కాదు. తరగతిలోని ఏ పిల్లవానిని చరిత్రకు జవాబుదారుగా నిలువబెట్టవలదు. విద్యార్థులారా! వెనుక బల్లనుండి ఒక పేరు పలుకుట చిన్న పరిహాసమని మీకు తోచవచ్చును. యుద్ధముల పిదప చిన్న దేశములలో పసివారిపై జరిగిన పెద్ద అన్యాయములు అట్టి పరిహాసములతోనే ఆరంభమైనవి.

మా సీతాఫల్‌మండి వీధులలో సీతాఫలముల బండ్లు కనబడు దినములలోనే యేటేట సెప్టెంబరు 17 వచ్చును. దానిని ఒకరు విమోచనమందురు, ఒకరు విలీనమందురు, ఒకరు సమైక్యతా దినమందురు. పేరు ఏదైనను, ఆనాడు తరగతిలో కూర్చుండు పిల్లలు మాత్రము అందరును మన పిల్లలే. ఆ విద్యార్థి చదువు ముగించుకొని ఎప్పుడో వెళ్ళిపోయెను. ఈ యేడును అర్థాపకర్ష పాఠమున ‘రజాకారు’ శబ్దమును చెప్పుదును. గంట మ్రోగినను ఆగి, షోయబుల్లాఖాన్ కథ చెప్పిన తరువాతనే పుస్తకము మూసెదను.