ఫ్రెంచి చదువు - మన విద్యార్థులు

గౌతమీతీరమందలి యానాము 1954 జూన్ వఱకు ఫ్రెంచి పాలనమున నుండెను. ఏటి కీవల నున్న కోనసీమవారు గాని, రాజమహేంద్రవరమువారు గాని ఆ భాషవంకఁ జూచినది తక్కువ. ఇంగ్లీషు వచ్చినఁ జాలు, లోకమంతయు మనదే యను భ్రమ మనలను విడువలేదు.

ఇప్పుడు మన బాలబాలికలలోఁ గొందఱు ఇంటర్మీడియెటు ముగించి పట్టవిద్యకై ఫ్రాన్సు పోఁ దలంచుచున్నారు. 2030 నాఁటికి ముప్పదివేల భారతీయ విద్యార్థులను రప్పింపవలయునని ఆ దేశాధ్యక్షుఁడు మేక్రాన్ 2024 జనవరిలోఁ బ్రకటించెను. సంతోషమే. ఆ పిలుపును జూపి, భాష యక్కఱలేదని చెప్పు దళారుల మాట మాత్రము నమ్మరాదు.

అచ్చటి ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో ‘లీసాన్స్’ అను మూఁడేండ్ల పట్టవిద్య చాలవఱకు ఫ్రెంచిలోనే సాగును. ఐరోపావారు భాషాజ్ఞానమున కేర్పఱచిన యాఱు మెట్లలో నాల్గవదైన బి2ను సాధారణముగ నడుగుదురు. అది ఐదాఱువందల గంటల కృషి. దరఖాస్తా, ముందటి శీతకాలముననే పెట్టవలయును! కావునఁ బదియవ తరగతి దాఁటిన నాఁడే యక్షరాభ్యాసము జరుగవలె.

ఐరోపా కూటమికిఁ జెందని విద్యార్థులకు 2019లో జీతము పెంచి ఏఁటికి 2,770 యూరోలు చేసిరి. అయినను ఇంగ్లీషున బోధించు అచ్చటి ప్రైవేటు సంస్థలు పుచ్చుకొనుదానికంటె నిది మిక్కిలి తక్కువ. భాష నేర్వనివాఁడు ఆ ప్రైవేటు ద్వారముననే పోవలసివచ్చును. అందులకుఁ దండ్రి మడిచెక్క తాకట్టు పడును.

గౌతమీ గ్రంథాలయము వంటి చోట సాయంకాలపు ఫ్రెంచి తరగతి నెలకొల్పుట యెంత పని? యానామునుండి ఫ్రెంచి తెలిసినవారిని రావించి గౌరవవేతన మిచ్చినఁ జాలును. పురప్రముఖు లీ వేసవికే పూనుకొందురా యని మేమడుగుచున్నాము.